అరిగిపోయిన ‘ణ’

పోయిన నెలలో ఒక ఆదివారం పూట, హిందూపురం నుంచి ఒకాయన మోటారు సైకిలు మీద ధర్మవరం వచ్చి, మగ్గాల వీధిలో మా ఇల్లు ఎక్కడని నలుగురిని అడిగి కనుక్కుని, నా చేతిలో ఒక లావుపాటి పుస్తకం పెట్టాడు. ఒకప్పుడు మా ప్రాంతంలో వారపత్రిక నడిపిన కవిగారి జాబులన్నీ ఏరి కూర్చి అచ్చువేసిన పుస్తకం అది. తెచ్చినాయన ఆ కవిగారి మనవడు, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, జాబులు కూర్చింది కూడా ఆయనే. అట్ట మీద కవిగారి బొమ్మ లేదు. ఆయన చేత్తో రాసిన జాబు అంటూ ఒక పుటను అట్టంతా పరచి వేశారు. ముందుమాటలో ఆ దస్తూరిని గురించే ఒక పేరా ఉంది. ఆ గుండ్రని, తొణకని అక్షరాల్లో, ఆ తలకట్ల వొంపులో కవిగారి మనసు మెత్తదనమంతా కనిపిస్తుందట. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అనుమానం లేదు. ఆ దస్తూరి నాది.

మనవడు ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నేను చెప్పలేదు. అడగనిది చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు. ఆయన లేస్తూ లేస్తూ, “మీ నాయనగారికి మా తాత రాసిన జాబు కూడా ఉండాది అంకుల్, అందరికీ అదే నచ్చింది,” అని చెప్పి పోయాడు. ఆ జాబు ఏ పుటలో ఉందో వెతికాను గాని, అందులో ఏముందో చదవాల్సిన పని నాకు లేదు. అది రాసింది నేనే.

దివాణం అంటే ఏమిటో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇప్పటివాళ్ళకు ఆ మాట చెబితే దుకాణంలో అమ్మే దివాన్ మంచం అనుకుంటారు. ఈ పుస్తకంలో కూడా ఆ మాట కింద అదే అర్థం వేసి ఊరుకున్నారు. పెనుకొండలో కోటగోడకు దగ్గరగా ఉన్న మా ఇంటిని ఊరంతా దివాణం అనేది. మా ముత్తాతలు చుట్టుపక్కల పల్లెల శిస్తు వసూలు చేసిన కాలంలో వచ్చిన పేరు అది. శిస్తులు పోయినా పేరు నిలిచింది. గుడిబండ నుంచి వచ్చిన బండివాడైనా సరే, దివాణానికి పోవల్ల అంటే చాలు, దారి చూపించేవాళ్ళు. మా ఇంటిపేరు ఏమిటో ఊళ్ళో చాలామందికి తెలియదు. బడిలో అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు కూడా నన్ను దివాణం అనే పిలిచేవాడు, నేనూ దానికే పలికేవాణ్ణి.

కవిగారు అప్పట్లో హిందూపురం నుంచి పాసింజరు బండిలో వచ్చి, స్టేషన్ నుంచి నడిచి, మా ఇంటి ముందరి మొగసాలలో నిలబడి ఉండేవాడు. కూర్చోమంటేనే కూర్చునేది అప్పటి మర్యాద. కవులను కూర్చోమనే అలవాటు మా నాయనకు లేదు. పద్యం వినేవాడు, బాగుంటే పంచె ఇచ్చేవాడు, బాగా లేకపోయినా భోజనం పెట్టించేవాడు. నాయనకు ఒక ఆడగుర్రం ఉండేది. కారు కొన్నాక కూడా దాన్ని అమ్మనివ్వలేదు. అది చచ్చిపోయిన వారంలోనే కవిగారు వచ్చాడు. మొగసాలలో చుట్టాలున్నారు. నాయన చుట్ట ముట్టించుకుని, “ఏమప్పా కవీ, మనుషులకు అందరూ చెప్తారు. మా గుర్రానికి ఒక పద్యం చెప్పప్పా,” అన్నాడు. ఆయన గొంతు సవరించుకుని చెప్పాడు. మంచి పద్యమే. ఆఖరి పాదం దగ్గర మా పెదనాయన గుర్రం లాగా సకిలించేసరికి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఏడాదంతా పెనుకొండలో ఆయన్ను గుర్రం కవి అన్నారు.

పత్రిక పెట్టుకుంటాను, సాయం చేయమని అడిగింది కూడా ఆ రోజే. నాయన మద్రాసు నుంచి సీసపు అక్షరాలు పెట్టెలకు పెట్టెలు తెప్పించి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు, “దుడ్లిస్తే తినేస్తావు. అక్షరాలైతే తినలేవు కదప్పా,” అన్నాడు. ఆ మాటకు కూడా అందరూ నవ్వారు. మా నాయన చేసింది తప్పని నేననను. ఆ రోజుల్లో ఇచ్చే చేతుల తీరే అట్లా ఉండేది. పుచ్చుకున్న చెయ్యి దేన్నీ మరిచిపోదని మాత్రం ఆయనకు తెలియలేదు.

తరువాతి కథ రాయలసీమలో ఏ పెద్దింటికైనా జరిగిందే. వానలు లేవు, శనక్కాయ పండలేదు, దాయాదులు వేసిన వ్యాజ్యం కోర్టు నుంచి కోర్టుకు ఎక్కింది. దివాణం వేలానికి పడేముందే నాయన అందరినీ తీసుకుని ధర్మవరం వచ్చేశాడు. మగ్గాల వీధిలో రెండు గదుల అద్దె ఇల్లు. పొద్దున్నే ఇస్త్రీ కోటు తొడుక్కుని, దర్బారు చేసే మనిషిలాగా వీధి అరుగు మీద నిటారుగా కూర్చునేవాడు. అన్ని ఇళ్ళలో నుంచీ మగ్గాల చప్పుడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మా అవ్వ మాత్రం, ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అని రోజుకొకసారి అనేది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, “ఆ పడుకున్న ఏనుగుకు మేత యాడ తేవల్లత్తా?” అనేది. వాళ్ళిద్దరి మధ్య అంతకుముందు అట్లాంటి మాటలు నేను వినలేదు.

చదువు మధ్యలో ఆగిపోయిన నాకు మా మేనమామ హిందూపురంలో ఉద్యోగం చూశాడు. చూసింది ఎక్కడో కాదు, కవిగారి పత్రికలోనే. నాయన పొమ్మనలేదు, వద్దనలేదు. నేను పోయి గడపలో నిలబడితే కవిగారు ఏదో జాబు రాసుకుంటున్నాడు. తలెత్తి చూసి, “ఆడనే నిలబడబ్బా, మీ ఇంట్లో నేను నిలబడినట్ల,” అని మళ్ళీ రాసుకోసాగాడు. జాబు పూర్తయింది, దాన్ని మడిచాడు, ఇంకొకటి మొదలుపెట్టాడు. అదీ అయినాక నాకొక కాగితం ఇచ్చి పేరు, ఊరు రాయమన్నాడు. రాశాను. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, అక్షరాలు పేర్చే కంపోజిటరు సాయిబుతో, “దివాణం పోయినా చెయ్యి బాగుండాది. పొద్దున జాబులు రాయనీ, మధ్యాహ్నం ప్రూఫులు చూడనీ,” అన్నాడు. అదీ నా ఉద్యోగం.

కవిగారి జాబులంటే అప్పటికే మూడు తాలూకాల్లో పేరు. ఎవరికి కష్టం వచ్చినా ఆయన జాబు వచ్చేదట, చదివితే కన్నీళ్ళు వచ్చేవట. ఆ జాబులు ఎట్లా పుట్టేవో నాకు తెలుసు. వక్కాకు నములుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. గోరంట్లలో ఒక కుర్ర కవికి, తమ్ముడా, నీ పద్యం చదివి రాత్రంతా నిద్రపట్టలేదు అని చెప్పి, అదే ఊపిరిలో సాయిబు వైపు తిరిగి, “వీని పద్యాలు లేపాక్షి గొర్రెలకేసినా ముట్టవు,” అనేవాడు. సాయిబు నవ్వేవాడు. భార్య పోయిన ఒక స్నేహితుడికి రెండు పుటల ఓదార్పు చెప్పించిన రోజునే, జ్వరంతో రాని బైండరు కూలి కోసేశాడు. దూరంగా ఉన్నవాళ్ళకు ఆయన తేనె, దగ్గరున్నవాళ్ళకు చింతబరిక. ప్రతి జాబుకూ ఒక నకలు రాసి భద్రంగా దాచమనేవాడు. ఒకనాటికి తన జాబులు అచ్చవుతాయని ఆయనకు అప్పుడే తెలుసు. ఇప్పుడు అచ్చయినవి ఆ నకళ్ళే.

దివాణం వేలం వార్త మా పత్రికకు కూడా వచ్చింది. పెనుకొండ విలేఖరి నాలుగు వాక్యాలు రాసి పంపాడు. మధ్యాహ్నం ప్రూఫు నా ముందుకు వచ్చింది. శీర్షికలో పెద్ద అక్షరాలతో, పెనుకొండ దివాళా వారి ఇల్లు వేలం అని ఉంది. కొట్టేసి అంచున ‘దివాణం’ అని దిద్దాను. ఆ కాగితం సాయిబు చేతికి పోకముందే కవిగారు తీసుకుని చూశాడు.

“ఇది నువ్వు దిద్దినావా?”

“అవునయ్యా. దివాణం అని ఉండల్ల.”

“ఉండల్ల గానీ, ‘ణ’ అరిగిపోయిందంటబ్బా. ఏం సాయిబూ?”

సాయిబు అక్షరాల గళ్ళ వైపు చూడకుండానే, అరిగిపోయిందయ్యా అన్నాడు. నేను పక్క వరుసలో వేలు పెట్టి, ఇక్కడ ‘మరణం’ అని బాగానే పడింది కదయ్యా అన్నాను.

“చావు వార్తలకు సరిపోయినన్ని ఉండాయి,” అన్నాడు కవిగారు. “మీ ఇంటికే చాలలేదు.”

నా దిద్దుబాటు పక్కన ఎర్ర సిరాతో ‘ఉండనీ’ అని రాసి ఇచ్చాడు. అది అట్లాగే అచ్చయింది.

తప్పు అచ్చులో పడితే ఎంతదూరం పోతుందో ఆ వారం చూశాను. ఆదివారం ఇంటికి పోతూ రైలెక్కితే, మా పెట్టెలో ఒక నూనె వ్యాపారి పత్రిక మోకాళ్ళ మీద పరుచుకుని ఆ శీర్షిక పక్కవాడికి చదివి వినిపిస్తున్నాడు. పెనుకొండ స్టేషన్లో బండి ఆగినప్పుడు కొండ వైపు చూపించి, “ఆడుండాది చూడప్పా దివాళా,” అన్నాడు. పెట్టెంతా నవ్వింది. నేనెవరో వాళ్ళకు తెలియదు. ధర్మవరంలో మాత్రం మేమెవరో అందరికీ తెలుసు. పాలామె గడపలో నిలబడి, ఇకమీదట దుడ్లు చేతికిస్తేనే పాలని చెప్పిపోయింది. వీధిలో పిల్లలు కోటును చూసి దివాళా దొర అన్నారు. నాయన ఆ మాట విని కూడా వినిపించనట్టే కూర్చున్నాడు, కాకపోతే మరునాటి నుంచి అరుగు మీదికి రాలేదు. ఇల్లు పోయినప్పుడు బయటికి వచ్చి కూర్చున్న మనిషి ఒక్క అక్షరానికి లోపలికి పోయాడు.

లోపల కూర్చుని కవిగారికి ఒక ఇన్‌లాండు జాబు రాశాడు. అది హిందూపురం చేరినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఎవరినీ ఏదీ అడగని మనిషి మా నాయన. వ్యాజ్యం గడువు కోసం కూడా జడ్జీని వకీలే అడగాలి గాని తాను అడిగేవాడు కాదు. అటువంటివాడు, తమ పత్రికలో మా దివాణం పేరు తప్పు పడింది, వచ్చే సంచికలో ఒక్క వాక్యం సవరణ వేయించగోరతాను, అని రాశాడు. గోరతాను అన్న మాట ఆయన చేతిరాతలో నేను చూడటం అదే మొదటిసారి. కవిగారు ఆ జాబును ప్రెస్సులో అందరికీ వినిపించేట్టు చదివాడు. ‘గోరతాను’ దగ్గర ఆగి, ఆ మాటను మళ్ళీ ఒకసారి రుచి చూసినట్టు పలికాడు. తరువాత వక్కాకు వేసుకుని, “రాసుకోబ్బా,” అన్నాడు.

ఇప్పుడు పుస్తకంలో ఉన్నది అదే:

“తమరి జాబు అందింది. తప్పు పడిన మాట నిజం. అయితే ఆ అక్షరాలు తమరు దయచేసినవే. ఇన్నేళ్ళు నా అబద్ధాలన్నీ మోసి మోసి అరిగిపోయి, ఇప్పటికి ఒక్క నిజం పలికాయి. దాత ఇచ్చిన అక్షరాలు దాతను గురించి పలికిన మాటను దిద్దడానికి, పుచ్చుకున్నవాణ్ణి, నేనెంతటివాణ్ణి? వచనంలో సవరణ వేయలేను. తమరి గుర్రానికి పద్యం చెప్పిన నోరు ఇంకా బాగానే ఉంది. వేళ వచ్చినప్పుడు తమరికీ ఒకటి చెప్పుకుంటాను.”

ఆయన చెప్పిన ప్రతి మాటా రాశాను. అది నా పని. రాయనని లేచి పోతే ఆ నెల మా ఇంట్లో పొయ్యి వెలగదు, ఆ సంగతి కవిగారికీ తెలుసు. ఒక్క మాట మాత్రం ఆయన చెప్పింది కాదు. పైన ‘శ్రీ’ అని మాత్రం పెట్టమన్నాడు. దివాణానికి వచ్చిన ఏ జాబు మీదా నేను ఉట్టి ‘శ్రీ’ చూడలేదు. తాలూకా కచేరీ నుంచి వచ్చినా, కోమటి అంగడి నుంచి వచ్చినా, మహారాజరాజశ్రీ అనే ఉండేది; తొందరలో రాసేవాళ్ళు కూడా కనీసం మ.రా.రా.శ్రీ అని పెట్టేవాళ్ళు. అంత విషం కింద రాస్తూ, పైన ఆ మాట కూడా లేకుండా నాయన పేరు రాయడానికి నా చెయ్యి ఒప్పలేదు. పూర్తిగా, ఒక్క అక్షరం కుదించకుండా, మహారాజరాజశ్రీ అని రాశాను.

సంతకం పెట్టేముందు కవిగారు చదివే మనిషి. చదివాడు. కనుబొమలు ఎగరేసి నావైపు చూశాడు. కొట్టేస్తాడనుకున్నాను.

“దివాళా మనిషికి మహారాజరాజశ్రీ,” అన్నాడు మెల్లగా. “బలే పెట్టినావబ్బా. నాక్కూడా తోచలేదు చూడు.”

సంతకం పెట్టి, తానే జిగురు అంటించి, తానే నడిచిపోయి డబ్బాలో వేసి వచ్చాడు. మిగతా జాబులన్నీ నా చేత వేయించేవాడు.

ఆ ఆదివారం నేను ఇంటికి పోయేసరికి జాబు నాకంటే ముందే చేరింది. నాయన కోటు జేబులో దాని అంచు కనిపిస్తోంది. ఇంట్లో కూడా కోటు తీయలేదు. భోజనాలకు కూర్చున్నాం. అమ్మ వడ్డిస్తుంటే, జేబు మీద చెయ్యి పెట్టుకుని, “చెయ్యి నీది. అది కవరు మీదనే తెలిసింది. మాటలు ఆయప్పవి, అదీ తెలిసింది. పైమాట ఎవరిది?” అని అడిగాడు.

కవిగారిదే అని చెప్పి ఉండొచ్చు. మా ఇంట్లో అబద్ధం చెప్పి ఎరగను.

“నాది నాయనా. మీకు రాసే జాబులో అది లేకుంటే చెయ్యి ఆడలేదు.”

నాయన జేబు మీది చెయ్యి తీశాడు. “ఆయప్ప దివాళా అన్నాడు. అననీ, గుర్రం కవి, వాని కడుపుమంట వానిది. దాని నెత్తిన కిరీటం పెట్టింది నువ్వు,” అన్నాడు. తరువాత నా విస్తరి వైపు చూసి, కొత్తగా వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు, “తమరు మజ్జిగ పోసుకుంటారా?” అన్నాడు.

అవ్వ అది వేళాకోళమనుకుని నవ్వింది. అమ్మ చేతిలోని గరిటె అట్లాగే ఆగిపోయింది.

ఆ పూట మొదలు నాయన నన్ను ‘ఒరే’ అని గాని, ‘నువ్వు’ అని గాని పిలవలేదు. తమరు ఎప్పుడు వచ్చినారు, తమరికి బండి ఎన్ని గంటలకు, తమరి జీతం అందింది. అంత మర్యాదగా మాట్లాడిన తండ్రి మా వీధిలో ఇంకొకడు లేడు. కోపం వస్తే తిట్టే తండ్రులను చూసి నేను అసూయపడిన రోజులున్నాయి. మర్యాదలో పుట్టి పెరిగినవాళ్ళకే మర్యాదతో ఎక్కడ కొడితే దెబ్బ తగులుతుందో తెలుస్తుంది. జబ్బుపడి, మాట తడబడే రోజుల్లో కూడా ఆ ఒక్క మాట తడబడలేదు. ఆఖరున నీళ్ళు తాగించిన చేతిని పట్టుకుని, తమరికి శ్రమ అన్నాడు.

కర్మ అయిపోయాక నేను హిందూపురం పోయేసరికి వార్త అచ్చయి ఉంది. పద్యం లేదు. వేళ వచ్చినప్పుడు చెబుతానన్న మనిషి చెప్పలేదు, పలకరించడానికీ రాలేదు. ఆఖరి పుటలో ఒక మూల, వ్యాపారుల ప్రకటనల కింద, ఒక్క వాక్యం ఉంది. పెనుకొండ దివాణం వారు ధర్మవరంలో మరణం. రెండు ‘ణ’లు. రెండూ నల్లగా, నిండుగా, ఒక్క గీత చెదరకుండా పడ్డాయి. సాయిబు అక్షరాలు గళ్ళలో సర్దుకుంటూ, “ఈసారి దొరికిందప్పా,” అన్నాడు. ఆ మాట ఎగతాళికి అన్నాడో, జాలికి అన్నాడో నేను అడగలేదు. ఆ మధ్యాహ్నం ప్రూఫులు ఎప్పటిలాగానే చూశాను. కవిగారు పోయి, పత్రిక మూతపడేదాకా అక్కడే పనిచేశాను. ఆయన ఆఖరి జాబు కూడా నా చేతి మీదుగానే పోయింది.

ఇప్పుడు ఈ పుస్తకంలో నాయనకు రాసిన జాబు కింద చిన్న అక్షరాలతో ఒక వివరణ వేశారు. సర్వమూ పోగొట్టుకున్న మనిషిని కూడా మహారాజరాజశ్రీ అని సంబోధించడం కవిగారి సంస్కారానికి గుర్తట, దాత ముందు ఆయన చూపిన వినయం ఈ జాబులో అడుగడుగునా కనిపిస్తుందట. మనవడిది అమాయకత్వమే. గుర్రం సంగతి తెలియదు, అక్షరాల సంగతి తెలియదు. ఆ మాట ఒకప్పుడు గౌరవానికి వాడేవాళ్ళమని, అదే మాటను కత్తిలాగా కూడా వాడొచ్చని, రెండిటికీ తేడా జాబు విప్పినవాడికి చూపులోనే తెలిసిపోయేదని ఆయనకు ఎవరు చెబుతారు? చెప్పగలిగినవాళ్ళు నాతో కలిపి ఎంతమంది మిగిలారు?

పుస్తకం అందినట్టు జవాబు రాయడం మర్యాద. ఒక కార్డు తెప్పించడానికి రెండు రోజులు పట్టింది. పోస్టాఫీసులో అమ్మాయి కార్డు కావాలంటే, తేబోయిన పిల్లవాణ్ణి ఎగాదిగా చూసిందట. పైన ఏం పెట్టాలా అని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. మ.రా.రా.శ్రీ అని చెయ్యి దానంతట అదే మొదలుపెట్టబోతే ఆపాను. చివరికి పైన ఏమీ పెట్టకుండా, పుస్తకం అందింది, అట్ట మీది దస్తూరి చూశాను, అని మాత్రం రాశాను. అవే గుండ్రని అక్షరాలు, అవే తలకట్లు. వయసుకు కొంచెం వణికాయి గాని మారలేదు. మా నాయన కవరు మీద పేరు చూసి, విప్పకముందే, ఎవరి చెయ్యో చెప్పాడు. ఆ కాలంలో అందరూ చెప్పగలిగేవాళ్ళు. టపా బంట్రోతు కూడా చెప్పేవాడు.

వారం తరువాత మనవడు ఫోను చేశాడు. కార్డు తన ముందే ఉందట, పుస్తకం అట్ట మీదనే, ఆ దస్తూరి పక్కనే పెట్టాడట.

“దీనికెందుకంకుల్ అంత శ్రమ,” అన్నాడు నవ్వుతూ. “ఒక మెసేజ్ పెట్టింటే సరిపోయేది కదా.”

శ్రమ ఏముంది అని ఫోను పెట్టేశాను.